నిఠారీ కేసులో అందరూ నిర్దోషులేనట. మరి ఆ పిల్లల్ని చంపిందెవరు?

సెక్టర్27_పాతకాపు అడిగారు:

2006లో నేను నోయిడాలో ట్రైనీని. ముగ్గురం కలిసి సెక్టర్ 27లో డాబా మీద ఒక గది తీసుకున్నాం. నిఠారీ అనే ఊరు అక్కడికి నడిచిపోయేంత దూరమే. మా రూమ్మేట్ గుంటూరు వాడు, బెండకాయలు రెండు రూపాయలు తక్కువకి వస్తాయని అక్కడికే వెళ్లేవాడు.

డిసెంబరు 29న సెక్టర్ 31లో డీ-5 బంగళా వెనక మురిక్కాల్వలో పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. రెండ్రోజులాగి, బుద్ధి లేక, చూడ్డానికి వెళ్లాం. పొగమంచు, టీవీ వ్యాన్లు, జనం. ఆ జనం పక్కనే ఒకాయన తోపుడు బండి మీద వేడివేడి వేరుశెనక్కాయలు అమ్ముతున్నాడు. మేమూ ఒక పొట్లం కొన్నాం. చేతిలో వెచ్చగా ఉంది కానీ ఒక్క గింజ కూడా నోట్లో పెట్టుకోలేకపోయాం.

పోయింది ఎక్కువగా పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు. స్టేషన్‌కి వెళ్తే 'ఎక్కడికో పారిపోయి ఉంటారు, వస్తారులే' అని తిప్పి పంపారని అప్పుడే అందరూ చెప్పుకున్నారు. అదే ఏడాది నవంబరులో, అదే నోయిడాలో, ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇండియా విభాగం అధిపతి మూడేళ్ల కొడుకుని ఎత్తుకెళ్లారు. వారం తిరక్కుండా ఆ బాబు క్షేమంగా ఇంటికొచ్చాడు. మంచిదే. కానీ పోలీసులకు వెతకడం రాదని అయితే అనలేం కదా.

2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఈ హత్య కేసుల్లో ముద్దాయిలైన కోలీనీ, డీ-5 యజమాని పంధేర్‌నీ వదిలేసింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నవంబరు 11న కోలీ మీద మిగిలిన ఆఖరి కేసు కూడా పోయింది. 'డబ్బుంటే అంతే' అంటుంది మా ఆవిడ. అయితే కోలీ ఆ ఇంట్లో పనివాడు, దాదాపు 19 ఏళ్లు జైల్లో ఉన్నాడు. డబ్బున్నవాడి లక్షణాలు కావు. కోర్టులు లాంఛనాలు పట్టుకుని వేలాడాయా, దర్యాప్తే చెడిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మాస్_మహేష్:

ఇంత డిస్కషన్ ఎందుకు బ్రో? 2006లోనే ఎన్‌కౌంటర్ చేసుంటే అందరికీ శాంతి.

బెజవాడ_ప్లీడరు:

మహేష్ గారూ, మీరు అడిగింది ఇంచుమించు జరిగేదే. 2014 సెప్టెంబరులో మీరట్ జైల్లో కోలీని ఉరి తీయడానికి అంతా సిద్ధం చేశారు. సుప్రీంకోర్టు అర్ధరాత్రి దాటాక ఆపింది. ఆ రాత్రి ఆపకపోయి ఉంటే 2025 తీర్పు చచ్చిపోయినవాడి గురించి రాయాల్సి వచ్చేది.

ఇక పాతకాపు గారికి. క్రిమినల్ సైడు 22 ఏళ్లుగా చేస్తున్నాను. ఈ తీర్పులు చదివితే కోర్టు ఎక్కడా జిమ్మిక్కు చేసినట్టు అనిపించలేదు. కేసంతా రెండు కాళ్ల మీద నిలబడింది. ఒకటి కోలీ ఒప్పుకోలు, రెండోది రికవరీ.

ఒప్పుకోలు మేజిస్ట్రేటు ముందే జరిగింది, నిజమే. కానీ ఎప్పుడు? 60 రోజులు పోలీసు కస్టడీలో ఉంచాక. మధ్యలో సరైన వైద్య పరీక్ష లేదు, సరైన న్యాయ సహాయం లేదు. పైగా ఆ వాంగ్మూలంలోనే తనను కొట్టారని, ఏం చెప్పాలో నేర్పారని అతను అన్న మాటలున్నాయి. అది చదివాక ఏ జడ్జి సంతకం పెడతాడు?

రికవరీ ఇంకా ఘోరం. ముద్దాయి చెప్పడం వల్లే వస్తువు దొరికితేనే అప్పటి సాక్ష్య చట్టం (ఎవిడెన్స్ యాక్ట్) సెక్షన్ 27 కింద ఆ మాట చెల్లేది. అంటే అతను ముందు చెప్పాలి, అది కాగితం మీద పడాలి, తర్వాతే తవ్వాలి. ఇక్కడ అప్పటికప్పుడు రాసుకున్న కాగితమే లేదు. కాల్వలో వెతికి ఒక చెయ్యి బయటపడ్డాక పోలీసులకు ఫోన్ చేశామని కాలనీవాళ్లే చెప్పారు. అందరికీ తెలిసిపోయిన చోటుని ముద్దాయి చూపించాడంటే ఎలా కుదురుతుంది?

మధ్యవర్తుల నివేదిక (వస్తువు దొరికినప్పుడు సాక్షులు సంతకం పెట్టే కాగితం) అంటే మనవాళ్లకి ఎంత తేలికో ఒకటి చెబుతాను. ఒక దొంగతనం కేసులో మధ్యవర్తిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగాను, 'గొలుసు ఏ గదిలో దొరికిందయ్యా?' అని. 'నేను జీపులోనే కూర్చున్నా సార్, సంతకం స్టేషన్లో పెట్టా' అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. నా క్లయింటు బయటికొచ్చాడు. గొలుసు అతనే తీశాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. దాన్నే పిల్లల ప్రాణాలు పోయిన కేసుకి పెంచి చూడండి.

డీఎన్‌ఏ ఉంది కదా అంటారు. ఉంది. అది ఎముకలనీ తల్లిదండ్రులనీ కలిపింది. ఆ పిల్లలు ఎవరి పిల్లలో చెప్పింది, ఎవరు చంపారో చెప్పలేదు. ఇంట్లోనే ఇన్ని హత్యలు చేసి, ముక్కలు చేసి ఉంటే ఆ జాడ నేలలోనో గోడలోనో ఉండాలి. నిపుణులు వెతికినా ఆ స్థాయిలో రక్తపు మరకలు గానీ అవశేషాలు గానీ డీ-5లో దొరకలేదు. అవయవాల వ్యాపారం కోణం చూడమని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ చెప్పింది. దాన్ని సరిగా చూడనే లేదని హైకోర్టు తప్పుపట్టింది. పనివాడిని రాక్షసుణ్ని చేస్తే పని తేలికని అర్థం వచ్చేలా రాసింది. ఈ దర్యాప్తు ప్రజల నమ్మకానికి ద్రోహమనీ అంది.

సీబీఐ 2007 జనవరిలో వచ్చింది. అప్పటికే సగం చెడిపోయిన వంటకి అది ఉప్పూకారం సరిచేసింది, అంతే.

మాస్_మహేష్:

ఉరి సంగతి నాకు తెలీదు సర్. ఆ కామెంట్ ఉండనివ్వండి, తీసెయ్యను. కానీ పొరపాటే.

రిటైర్డ్_రైటర్:

ప్లీడరు గారు కోర్టు వైపు నుంచి చెప్పారు. నేను స్టేషన్ బల్ల వైపు నుంచి చెబుతా. 11 ఏళ్లు పోలీసు స్టేషన్లో రాతకోతలు చూసే రైటరుగా చేశాను. ఏ స్టేషనో రాయను.

మిస్సింగ్ పిటిషన్ వస్తే మా నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? ఆడపిల్లయితే 'ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడేదా?' మగపిల్లాడయితే 'నువ్వు కొట్టావా?' అంటే తప్పు అప్పుడే ఇంటిమీదకి తోసేశాం. కేసు కడితే నంబరు పడుతుంది, నంబరు పడితే నెలాఖరు మీటింగులో ఎస్సై గారు జవాబు చెప్పుకోవాలి. కట్టకపోతే ఆ పిల్లాడు లెక్కలో లేడు. కాబట్టి పిటిషన్ తీసుకుంటాం, రసీదు ఇవ్వం.

ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా ఆవిడ ఒకసారి వచ్చింది. ఏడేళ్ల కొడుకు పొద్దుటి నుంచీ లేడు. తెలుగు సరిగా రాదు. బట్టీ మేస్త్రీ చేత కాగితం రాయించుకొచ్చింది. మా సారు 'రేపు చూద్దాం' అన్నారు. నేను ఆ కాగితం బల్ల మీద అద్దం కింద పెట్టాను. అక్కడ అప్పటికే కరెంటు బిల్లు, ఒక పెళ్లి శుభలేఖ ఉన్నాయి. ఆవిడ మూడు రోజులూ వచ్చింది, స్టేషన్ బయట చెట్టు కిందే కూర్చుంది. మూడో రోజు సాయంత్రం పిల్లాడు వేరే ఊరి రైల్వే స్టేషన్లో దొరికాడు. మేం వెతికి కాదు. ఎవరో టీ కొట్టాయన పట్టుకొచ్చాడు. దొరికాడు కాబట్టి నేనిప్పుడు ఇక్కడ కూర్చుని ఇది రాయగలుగుతున్నా.

నిఠారీలో ముందు కదిలింది కూడా పోలీసులు కాదండీ. 2006 మేలో కనిపించకుండా పోయిన ఒక యువతి తండ్రి కోర్టుకి వెళ్లి ఆర్డరు తెచ్చుకుంటే అప్పుడు ఎఫ్‌ఐఆర్ కట్టారు. ఆమె సెల్‌ఫోన్ లాగితే దారి డీ-5 దాకా పోయింది. కట్టాల్సిన కేసు కడితే ఏమవుతుందో అందులోనే ఉంది. మొదటి పిల్ల పోయినప్పుడే కట్టి ఉంటే? మట్టి తాజాగా ఉండేది, చూసినవాళ్లకి గుర్తుండేది. కేసు 2023లో పోలేదు, అప్పుడే పోయింది.

మన దగ్గర మాత్రం? బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో 2019లో ఒక అమ్మాయి కోసం వెతికితే పాడుబడ్డ బావిలో శవం దొరికింది. అక్కడే ఇంకో అమ్మాయి. వేరే బావిలో, 2015లో తప్పిపోయిన 11 ఏళ్ల పాప ఎముకలు. ఆ కేసులో మాత్రం 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. పిల్లలు తప్పిపోతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. మీలో ఎవరికైనా ఆ గతి పడితే (పడకూడదు) రసీదు లేకుండా స్టేషన్ మెట్లు దిగకండి.

సెక్టర్27_పాతకాపు:

ఇద్దరికీ థాంక్స్. ప్లీడరు గారూ, ఇప్పుడు మళ్లీ దర్యాప్తు చేయించడానికి దారి ఉందా?

బెజవాడ_ప్లీడరు:

చట్టంలో ఉంది, కోర్టు తలుచుకుంటే ఆదేశించవచ్చు. చేతిలో ఏముంటుందన్నదే ప్రశ్న. మా పక్కనే ఇబ్రహీంపట్నం హాస్టల్లో విద్యార్థిని హత్య కేసు చూడండి, 2007 డిసెంబరు. అమ్మాయి పేరు నేను రాయను. నందిగామ వైపు కుర్రాడొకడు ఎనిమిదేళ్లు జైల్లో మగ్గాక 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది, లక్ష రూపాయలు ఇమ్మంది. తర్వాత కేసు సీబీఐకి ఇచ్చారు. చూస్తే కోర్టులో భద్రంగా ఉండాల్సిన వస్తువులే ధ్వంసమైపోయాయి. 2019లో ఆ పిల్ల సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఆ తల్లిదండ్రులు అది కూడా భరించారు.

సెక్టర్27_పాతకాపు:

ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. 'డబ్బుంటే అంతే' అన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ ఒకటి అడగమంది. రైటరు గారూ, బట్టీ పిల్లాడి పేరేంటి?

రిటైర్డ్_రైటర్:

గుర్తులేదండీ. ఆ కాగితం మీద ఉండేది. దానికి నంబరు వెయ్యలేదు కదా, ఎక్కడా ఎక్కలేదు.