"లక్ష్మి"కి లెంగ్త్ (పొడవు) 7 వస్తోంది, ఎలా సరిచేయాలి?

జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న తెలుగు పదాల ఆట రాస్తున్నాను. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పడాలి. "లక్ష్మి"కి రెండు గడులు చాలు కదా, కానీ లెంగ్త్ అడిగితే 7 అంటోంది, విడగొడితే పొల్లు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో విడిగా పడుతున్నాయి. రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్, ఎవరైనా చెప్పండి.

జవాబు 1:
లెక్క తప్పు కాదండీ. కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 7 కోడ్ పాయింట్లు, అంటే విడివిడి నంబర్లు. మీకు కావాల్సింది గ్రాఫీమ్, అంటే చదివేవాళ్లకు ఒకే అక్షరంగా కనిపించే ముక్క. జావాస్క్రిప్ట్ లోనే ఉండే, పదాన్ని అలా విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడండి, వేరే లైబ్రరీ అక్కర్లేదు, 2024లో ఫైర్‌ఫాక్స్‌లోకి కూడా వచ్చేసింది.

జవాబు 2:
పైన అన్నయ్య చెప్పింది కరెక్టే, కానీ పాత ఫోన్లలో అదే కోడ్ ల, క్, ష్, మి అని 4 ముక్కలు చేస్తుంది. పొల్లు తర్వాతి హల్లును విడదీయకూడదన్న నియమం తెలుగుకు 2023లో, యూనికోడ్ 15.1లోనే వచ్చింది. అందుకే నేను రెగెక్స్ (అక్షరాల వరుసను వెతికే నమూనా) రాసుకున్నాను: ఒక హల్లు, తర్వాత పొల్లు-హల్లు జంటలు ఎన్నైనా, ఆపైన గుణింతం, సున్నా. "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది, అక్కడ మాత్రం కలపకండి, నాకు ఒక పూట పట్టింది అది దొరకడానికి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ! అమ్మ పాత ఫోన్‌లో నిజంగానే 4 వచ్చింది. రెగెక్స్ పెట్టాక 2. "స్త్రీ" కూడా ఒకే గడిలో చక్కగా కూర్చుంది.