ఏడు వారాల పాప: సాయంత్రం ఏడుపు, ఇంట్లో నీళ్ల గొడవ

నమస్కారమండీ. మాది కూకట్‌పల్లి. మా పాపకి 7 వారాలు. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం 6 అయితే చాలు, కాళ్లు పొట్టకి ముడుచుకుని 9 దాకా గుక్కపట్టి ఏడుస్తుంది. డాక్టర్ చూసి, బరువు బాగా పెరుగుతోంది, ఈ ఏడుపు 3-4 నెలలకి తగ్గుతుందన్నారు. భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తున్నా ఆగదు. ఆ మూడు గంటలూ నాకూ ఏడుపొస్తోంది.

ఇంకో టెన్షన్. ఎండలు 40 డిగ్రీలు దాటాయి, బిడ్డ గొంతు ఎండిపోతుందని మా అత్తయ్య ఉగ్గుగిన్నెతో నీళ్లు పట్టబోతారు. 6 నెలల దాకా తల్లిపాలే చాలు, కావలసిన నీళ్లు పాలల్లోనే ఉంటాయన్నా వినరు. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ కూడా. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ప్రేమతోనే చేస్తారు. ఆవిణ్ణి నొప్పించలేను.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఎలా నచ్చజెప్పారు? సాయంత్రం ఏడుపుకి ఏం పనిచేసింది? దయచేసి చెప్పండి.