1994 నాటి ‘కాలొనైజేషన్’: రాజు పన్ను పెంచినప్పుడు ఒప్పుకోవాలా, సరుకును సముద్రంలో పారబోయాలా?

ప్రశ్న:
కొత్త ప్రపంచంలో వలసలు కట్టి, చివరికి రాజు నుంచి స్వాతంత్ర్యం సాధించే మైక్రోప్రోస్ వారి పాత కంప్యూటర్ ఆట ‘కాలొనైజేషన్’ను డచ్చి పక్షాన ఆడుతున్నాను. ఆటలో 1640 దాటింది. పొగాకును చుట్టలుగా మార్చి ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మడం మీదనే నా ఖజానా నడుస్తోంది. రాజు మాత్రం కొన్నేళ్ళకొకసారి ఏదో ఒక సాకుతో పన్ను పెంచుతున్నాడు. ఒప్పుకుంటే ఆదాయం తరుగుతుంది. తిరస్కరించి, రాజు పేర్కొన్న సరుకును సముద్రంలో పారబోస్తే ఆ సరుకు మీద బహిష్కరణ పడి, బకాయి చెల్లించే వరకు ఐరోపాలో దానిని కొనడానికీ అమ్మడానికీ వీలుండదు. అనుభవజ్ఞులు ఏ పద్ధతి పాటిస్తారో, స్వాతంత్ర్యం ఎప్పుడు ప్రకటించడం మంచిదో దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
పన్ను శాతాన్ని చూసి నిర్ణయించకండి, రాజు పేర్కొన్న సరుకును చూసి నిర్ణయించండి. అది పచ్చి పొగాకో చెరకో అయితే నిస్సంకోచంగా పారబోయించండి. మీరు అమ్మేది చుట్టలూ రమ్మూ కాబట్టి ఆ బహిష్కరణ మిమ్మల్ని తాకదు, పన్నూ పెరగదు. చుట్టలనే పేర్కొంటే ఈసారికి ఒప్పుకోండి. తుపాకులు, పనిముట్లు అయితే తప్పక ఒప్పుకోండి, ఎందుకంటే వాటిని ఐరోపా నుంచి కొనే దారి మూసుకుపోతే కమ్మరి, తుపాకుల తయారీదారు లేని కాలనీ నిస్సహాయమవుతుంది. ఆటలో మీకు తోడ్పడే చారిత్రక ప్రముఖుల సభ అయిన కాంగ్రెస్‌లో జాకబ్ ఫుగ్గర్ చేరితే బహిష్కరణలన్నీ ఒక్కసారిగా రద్దవుతాయి కనుక, ఆయన రాకముందు రెండు మూడు సరుకులు పోయినా దిగులు పడనక్కరలేదు. 1773లో బోస్టన్ రేవులో ఈస్టిండియా కంపెనీ తేయాకును పారబోసిన ఘటనను ఆట నియమంగా మలచిన తీరు నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

రెండవ జవాబు:
పై సలహాతో ఏకీభవిస్తాను, కాని అసలు పని టౌన్ హాల్‌లో జరగాలి. మామూలు వలసదారు అక్కడ 3 లిబర్టీ బెల్స్ (స్వాతంత్ర్య భావనను పెంచే పాయింట్లు) ఇస్తే, ఆ పనిలో నిపుణుడైన ఎల్డర్ స్టేట్స్‌మన్ 6 ఇస్తాడు. ప్రింటింగ్ ప్రెస్, ఆ తరువాత వార్తాపత్రిక కడితే అవి ఇంకా పెరుగుతాయి. కాలనీలో సన్స్ ఆఫ్ లిబర్టీ (స్వాతంత్ర్యాన్ని కోరేవారు) 50 శాతానికి చేరితే ఒక్కొక్కరి ఉత్పత్తి ఒకటి చొప్పున, 100కు చేరితే రెండు చొప్పున పెరుగుతుంది కాబట్టి, పన్నుగా పోయినదానిలో చాలా భాగం అలా తిరిగి వస్తుంది. బెల్స్ లేకుండా జనాభాను మాత్రమే పెంచితే టోరీలు (రాజు పక్షం వారు) ఎక్కువై ఉత్పత్తి పడిపోతుంది.

స్వాతంత్ర్య ప్రకటనకు మొత్తం మీద 50 శాతం మద్దతు చాలు, కాని అంతటితో తొందరపడకండి. ప్రకటించిన మరుక్షణం ఐరోపా రేవులు మీ ఓడలకు మూసుకుపోతాయి. ఒక్కొక్క సైనికుడికి 50 తుపాకులు, డ్రాగూన్ (గుర్రపు సైనికుడు) కావాలంటే మరో 50 గుర్రాలు కావాలి. గిడ్డంగి లేని కాలనీలో ఆహారం తప్ప ఏ సరుకూ 100కు మించి నిలవదు. అందుకని తీరంలోని కాలనీలలో గిడ్డంగులు విస్తరించి, ముందే నింపి పెట్టుకోండి. రాజు సైన్యానికి కాలనీల మీద దాడిలో అదనపు బలం ఉంటుంది. అదే సైన్యం కొండ మీదనో అడవిలోనో దిగి ఉండగా మీ డ్రాగూన్లు ముందుగా మీద పడితే నేల కలిగించే లాభం మీకు దక్కుతుంది. ఫిరంగులను మాత్రం గోడ దాటించకండి. బయలులో అవి చాలా బలహీనం.

మూడవ జవాబు:
పన్ను అసలే లేని సంత ఒకటుంది: స్థానిక జాతుల గ్రామాలు. ఏ గ్రామం ఏ సరుకును కోరుతుందో స్కౌట్‌తో (దారులు వెదికే గుర్రపు రౌతుతో) తెలుసుకొని బండ్లలో చుట్టలు, బట్టలు పంపండి. ఒకే సరుకును ఒకే గ్రామానికి వెంటవెంటనే అమ్మితే ధర తగ్గుతుంది, కాబట్టి గ్రామాలు మార్చుతూ ఉండాలి. తుపాకులు, గుర్రాలు మాత్రం అమ్మవద్దు. అవి రేపు మీ మీదికే రావచ్చు. గ్రామాలను తగలబెట్టి బంగారం దోచుకొమ్మని సలహా ఇచ్చేవారు ఉంటారు, కాని దానివల్ల చివరి స్కోరు తగ్గుతుంది, వ్యాపారమూ పోతుంది. చెరకు, పత్తి తోటలలో చాకిరీ చేసిన ఆఫ్రికా బానిసల ఊసే ఎత్తని ఈ ఆట, స్థానికుల పట్ల క్రూరత్వానికైనా మూల్యం కట్టించడం నాకు ముఖ్యంగా తోస్తుంది. మీరు డచ్చి వారు గనుక ఆమ్‌స్టర్‌డామ్‌లో పడిన ధరలు త్వరగానే కోలుకుంటాయి. ఆ వ్యవధిలో సరుకును గ్రామాలకు మళ్ళించండి.