అప్‌డేట్: ఓవర్‌ఫ్లో గలగల ఆగింది, బుడగలూ పోయాయి

మా అక్వేరియం ఓవర్‌ఫ్లో బాక్సులో (ట్యాంకు పైనుంచి పొంగిన నీళ్లు వచ్చి పడే అర) గలగల శబ్దం, ట్యాంకు నిండా సన్న బుడగలు, ఏం చేయాలి అని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇప్పుడు నీళ్లు తేటగా ఉన్నాయి.

డ్రెయిన్ పైపు నీళ్లతోపాటు గాలినీ లాక్కుంటూ సంప్‌లోకి (కింద ఉండే ఫిల్టరు తొట్టిలోకి) దిగేది. బాక్సులో రెండు రంధ్రాలు ఎలాగూ ఉన్నాయని హెర్బీ పద్ధతికి (ఒక పైపు నిండుగా పారుతుంది, రెండోది అత్యవసరానికి) మార్చాను. మెయిన్ పైపుకి గేట్ వాల్వు పెట్టి, బాక్సులో నీటిమట్టం పైపు మూతి మీదికి నాలుగైదు అంగుళాలు వచ్చేదాకా కొద్దికొద్దిగా బిగించాను. పైపు నిండా నీళ్లే ఉంటే ఇక గాలికి చోటేది? బాల్ వాల్వు చాలదా అన్నవారికి: అది వెంట్రుకవాసి కదిలినా మట్టం ఎక్కడికో పోతుంది. రెండో పైపు మూతి ఇంకాస్త ఎత్తులో, ఏ వాల్వూ లేకుండా వదిలేశాను. మెయిన్‌లో నత్త ఇరుక్కుంటే హాలు మునగకుండా కాపాడేది అదే.

డ్రెయిన్ చివర సంప్ నీళ్లలో అంగుళమే మునగాలన్న సలహా బంగారం. లోతుగా ఉన్నప్పుడు, కరెంటు పోయి వస్తే పైపులోని గాలి బయటికి రాలేక సైఫన్ (గాలి లేకుండా పైపు నిండుగా పారడం) అందుకునేది కాదు.

అయినా రిటర్న్ నాజిల్ (సంప్ నీళ్లను పంపు తిరిగి ట్యాంకులోకి వదిలే మూతి) దగ్గర కొన్ని బుడగలు మిగిలాయి. వాటి దారి వేరు. సంప్ బయట పెట్టిన పంపుకి, సక్షన్ వైపు (నీళ్లు లాక్కునే వైపు) యూనియన్‌లో, అంటే విప్పి బిగించే జాయింటులో, ఓ-రింగ్ (రబ్బరు వలయం) గట్టిపడి గాలి పీలుస్తోంది. పంపు నడుస్తున్నంతసేపూ అక్కడ చుక్క కూడా కారదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. జాయింటు మీద నీళ్లు పోస్తుంటే బుడగలు ఆగాయి, దొంగ దొరికాడు. కొత్త రింగు వేసి సిలికాన్ గ్రీజు రాశాను.

వాల్వు మాత్రం అప్పుడప్పుడూ కాస్త సర్దాల్సి వస్తోంది, లోపల నాచు పడుతోంది కాబోలు.