గ్రాండ్ కాన్యన్‌లో పెద్దవాళ్లతో కారు ప్రయాణం: ఏ రోడ్డు మంచిది?

సిరి_చాండ్లర్
అందరికీ నమస్తే అండీ. మే నెలలో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు, వాళ్లను గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్లాలని ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు, మాటిమాటికీ బస్సు ఎక్కి దిగడం కూడా కష్టమే. నాన్నకు మాత్రం కొండా నదీ కనిపిస్తే చాలు, పాపికొండలు ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ట్రెక్కింగ్ ఏమీ వద్దు, కారులోనే తిరగాలి. హెర్మిట్ రోడ్, డెజర్ట్ వ్యూ డ్రైవ్, నార్త్ రిమ్ (లోయకు ఉత్తరపు అంచు) అని మూడు పేర్లు వినిపిస్తున్నాయి. ఒక రాత్రి అక్కడే ఉంటాం. దేనికి ఎక్కువ టైమ్ ఇవ్వమంటారు?

ఎడారిబాట
డెజర్ట్ వ్యూ డ్రైవ్‌కే ఇవ్వండి సిరి గారూ. సౌత్ రిమ్ అంటే దక్షిణపు అంచు మీదున్న గ్రాండ్ కాన్యన్ విలేజ్ నుంచి తూర్పు వైపు డెజర్ట్ వ్యూ దాకా 23 మైళ్లు, ఏ నెలలో అయినా సొంత కారులో వెళ్లొచ్చు, ఒక్క యాకీ పాయింట్‌కు మాత్రం పార్కు వాళ్ల షటిల్ బస్సు ఎక్కాలి. చాలామంది మాదర్ పాయింట్‌లో నిలబడి, నాలుగు ఫొటోలు దిగి, కాన్యన్ చూసేశాం అనుకుని వెళ్లిపోతారు. అక్కడ లోయ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కాదనను, కానీ ఇంత లోయను కోసిన నది సరిగ్గా కంటికి ఆనదు. నది కావాలంటే తూర్పుకు పోవాల్సిందే.

నేనైతే దారిలో ఎక్కడా ఆగకుండా ముందు చివరిదాకా వెళ్లిపోయి, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో పాయింట్ దగ్గరా ఆగమంటాను. వెళ్లేటప్పుడు లోయ ఎడమవైపు ఉంటుంది, ప్రతి పాయింట్‌కూ ఎదురు బళ్లు పోయేదాకా ఆగి తిరగాలి, అదో టెన్షన్. వచ్చేటప్పుడు అన్నీ కుడిచేతి వైపే. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెడితే లోయ ఆయన వైపే ఉంటుంది.

అన్నిట్లో లిపాన్ పాయింట్ వదలొద్దు. పార్కింగ్ అంచుకు బాగా దగ్గర, అమ్మగారికి నడక పెద్దగా ఉండదు. కింద కొలరాడో నది పెద్ద ఒంపు తిరుగుతుంది, ఆ ఒంపులో మేట వేసిన నేల ఉంకార్ డెల్టా. సుమారు వెయ్యేళ్ల కిందట అక్కడ ప్యూబ్లో అనే ఆదివాసీ ప్రజలు మొక్కజొన్న పండించుకుంటూ బతికారు. పైనుంచి చూస్తే ఆ చేల జాగా అరచేయంత ఉంటుంది, అది చూశాకే ఆ లోతెంతో నాకు ఒంటికి తెలిసింది. ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ దగ్గరే మట్టి ఆగిపోతుంది కాబట్టి మామూలు రోజుల్లో నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. ఉపనదులకు వాన నీరు వచ్చి పడిందంటే మాత్రం వరదల్లో మన గోదారి ఎర్రనీరు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

బాబాయ్_ఫ్లాగ్‌స్టాఫ్
పై తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో మాట కలుపుతాను. విలేజ్ నుంచి పడమరకు పోయే హెర్మిట్ రోడ్ 7 మైళ్లు, మార్చి 1 నుంచి నవంబర్ 30 దాకా మామూలు కార్లను రానివ్వరు, ఉచిత షటిలే గతి. కానీ అమ్మా సిరీ, నడవలేనివాళ్ల కోసం పార్కు వాళ్లు యాక్సెసిబిలిటీ పర్మిట్ ఇస్తారు. గేటు దగ్గర గానీ విజిటర్ సెంటర్‌లో గానీ అడిగితే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. అది అద్దం ముందు పెట్టుకుంటే ఆ రోడ్డు మీదికి మీ కారులోనే వెళ్లొచ్చు. మనవాళ్లు అడగడానికి మొహమాటపడి పెద్దవాళ్లను ఎండలో షటిల్ లైన్లో నిలబెడుతుంటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అది మీ అమ్మగారి లాంటివాళ్ల కోసం పెట్టిందే, అడిగి తీసుకోండి.

ఆ రోడ్డు మీద సూర్యాస్తమయానికి హోపీ పాయింట్ పేరున్నది కాబట్టి జనం కిక్కిరిసిపోతారు. పిమా పాయింట్ కాస్త ప్రశాంతం, గాలి నిలిచినప్పుడు కింద నది హోరు కూడా వినిపిస్తుంది.

గోదారోడు
నాన్నగారికి ఇది తప్పకుండా చూపించండి. డెజర్ట్ వ్యూ డ్రైవ్ మీద గ్రాండ్‌వ్యూ పాయింట్‌లో నిలబడి ఉత్తరంగా చూస్తే మెట్లుమెట్లుగా లేచిన పెద్ద శిఖరం కనిపిస్తుంది, దాని పేరు విష్ణు టెంపుల్. దానికి ఇవతల రామా ష్రైన్, కృష్ణా ష్రైన్. విలేజ్‌కు వాయవ్య దిక్కున శివా టెంపుల్. మనుషులు కట్టిన గుళ్లు కావు, అన్నీ రాతి శిఖరాలే. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు, తర్వాత వచ్చినవాళ్లూ అదే పద్ధతి కొనసాగించారు. మా మామయ్య గారైతే మ్యాప్ చేత్తో పట్టుకుని ఒక్కొక్కటీ వెతికి, "అదిగో రాముడు, ఇదిగో కృష్ణుడు" అంటూ పక్కనున్న అమెరికన్లకు కూడా చూపించారు. ఉత్త వ్యూ పాయింట్‌లో ఐదు నిమిషాలు నిలబడే మనిషి అక్కడ గంట పైన ఉన్నారు. విజిటర్ సెంటర్‌లో మ్యాప్ తీసుకోవడం మరచిపోకండి.

సిరి_చాండ్లర్
అయ్యో, ఆ పర్మిట్ సంగతి ఎక్కడా చదవలేదు బాబాయ్ గారూ, చాలా థాంక్స్. నాన్నకు పేర్ల సంగతి ఫోన్‌లో చెప్పాను, ఇప్పటినుంచే మ్యాప్ పంపమంటున్నారు! నార్త్ రిమ్ మరి? అక్కడ జనం తక్కువ, ఇంకా బాగుంటుంది అంటున్నారు కదా.

కైబాబ్_పైన్
నాకు నార్త్ రిమ్ అంటే ప్రాణం అక్కా, కేప్ రాయల్ రోడ్డంతా అడవి, చివర్లో ఏంజెల్స్ విండో అనే రాతి కిటికీలోంచి నది కనిపిస్తుంది. అయినా మీకు ఈసారికి వద్దంటాను. అవతలి గట్టు పక్షికి పది మైళ్లే, కారుకు 200 మైళ్ల పైన, అంటే నాలుగున్నర, ఐదు గంటలు కూర్చోవాలి. పైగా 2025 జులైలో డ్రాగన్ బ్రావో కార్చిచ్చుకు అక్కడి పాత లాడ్జి కాలిపోయింది. 1937లో కట్టిన లాడ్జి అది, దాని వరండాలో కుర్చీ వేసుకుని లోయ చూసినవాళ్లకు ఆ వార్త ఎంత బాధో మాటల్లో చెప్పలేను. మీ ఒక్క రాత్రికి సౌత్ రిమ్మే సరి.

మమత_డాలస్
మేము ఉత్తరాన పేజ్ అనే ఊరి వైపు నుంచి వచ్చాం. అక్కడ కొలరాడో నది గుర్రపు నాడాలా తిరిగే హార్స్‌షూ బెండ్ చూసుకుని కామెరాన్ దగ్గర 64వ నంబరు రోడ్డు ఎక్కితే నేరుగా తూర్పు గేటులోంచి పార్కులోకి వస్తారు. అప్పుడు వెనక్కి తిరగక్కర్లేదు, పాయింట్లన్నీ కుడివైపే వస్తాయి. గేటుకు ముందే లిటిల్ కొలరాడో లోయ కనిపించే చోట నవాహో తెగ ఆదివాసులు పూసల దండలు అమ్ముతుంటారు, మా అత్తయ్య గారు అక్కడి నుంచి కదిలితే ఒట్టు. ఒక్క జాగ్రత్త: అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, ఆ నవాహో వాళ్ల సొంత ప్రాంతమైన నవాహో నేషన్‌లో మారుస్తారు, అందుకని దారిలో ఫోన్‌లో టైమ్ ఉన్నట్టుండి గంట ముందుకు దూకుతుంది. బుకింగ్‌లు ఉంటే చూసుకోండి.

డెజర్ట్ వ్యూ వాచ్‌టవర్ 1932 నాటిది, 70 అడుగుల రాతి బురుజు, లోపల హోపీ తెగ చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన బొమ్మలు ఉన్నాయి. పైకి అన్నీ మెట్లే. అమ్మగారు కింద గదిలో కూర్చున్నా కిటికీల్లోంచి కావలసినంత కనిపిస్తుంది.

ఎడారిబాట
తిండి సంగతి కూడా చెప్పేస్తాను. ఆ రోడ్డు పొడవునా పిక్నిక్ బల్లలున్న చోట్లు ఉన్నాయి, పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. ఉడతలు కాళ్ల దగ్గరికే వచ్చేస్తాయి, ముద్దుగా ఉన్నాయని ఒక్క మెతుకు కూడా వెయ్యొద్దు, వేయడం నేరం, పైగా అవి కరుస్తాయి. రిమ్ ఎత్తు 7,000 అడుగులు, పెద్దవాళ్లకు నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, నీళ్లు తాగిస్తూ ఉండండి. మేలో కూడా పొద్దు వాలగానే చలి, స్వెటర్లు కారులోనే ఉంచండి. చీకటి పడ్డాక ఎల్క్‌లు రోడ్డు మీదికి వచ్చేస్తాయి, గుర్రమంత జంతువు, నెమ్మదిగా నడపాలి.

బాబాయ్_ఫ్లాగ్‌స్టాఫ్
గ్యాస్ (కారు పెట్రోలు) గురించి ఎవరూ చెప్పలేదు. విలేజ్‌లో గ్యాస్ స్టేషన్ లేదు. దక్షిణాన గేటు బయట తుసాయన్‌లో, తూర్పున డెజర్ట్ వ్యూలో మాత్రమే ఉన్నాయి. తుసాయన్‌లో నింపుకుని లోపలికి వెళ్లమ్మా. గేటు దగ్గర మీ వంతు రాగానే మొదట పర్మిట్ అడుగు.