కరెంట్ అకౌంట్‌లో నగదు జమకి ఛార్జీ: చెప్పకుండా పరిమితి తగ్గించారు

అంబాజీపేటలో చిన్న కొబ్బరికాయల కొట్టు మాది. నెలకి 2 లక్షల దాకా నగదు జమ ఉచితమని కరెంట్ అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చిన కాగితంలో ఉంది. మార్చిలో కట్టింది 1,80,000. అయినా ‘క్యాష్ హ్యాండ్లింగ్’ అని 450, దానిమీద 18 శాతం జీఎస్టీ 81, మొత్తం 531 రూపాయలు కోసేశారు. యూపీఐ వాడమని సలహాలొద్దండీ, మా దగ్గర కొనేవాళ్లు నోట్లే ఇస్తారు.

బ్రాంచిలో అడిగితే సిస్టమే కోసుకుంటుందన్నారు. కస్టమర్ కేర్‌లో పెట్టిన ఫిర్యాదు మూసేశారు. రాసిచ్చిన ఫిర్యాదుకి మాత్రం జవాబొచ్చింది: ఉచిత పరిమితి లక్షకి తగ్గిందట, వివరాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయట! మాకు మెసేజ్ గానీ ఉత్తరం గానీ రాలేదు.

ఇక బ్యాంకులమీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కే రాద్దామనుకుంటున్నాం. ఇలా ముందు చెప్పకుండా వేసిన ఛార్జీని అక్కడ ఫిర్యాదు చేసి వెనక్కి రాబట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?