‘అన్‌రెస్పాన్సిబుల్’ అని రాస్తే అంత నేరమా? అన్, ఇన్, డిస్‌లకు అసలు పద్ధతంటూ ఉందా?

బెళ్ళందూరు_బాబాయ్:
మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడిది అనంతపురం దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లయింటుకు వెళ్ళాల్సిన మెయిల్ ఒకసారి చూడమని మేనేజర్‌కి పంపాడు. ‘ఇర్రెస్పాన్సిబుల్’ అనాల్సిన చోట ‘అన్‌రెస్పాన్సిబుల్’ అని ఉంది. మేనేజర్ దాన్ని మీటింగ్‌లో అందరి ముందు స్క్రీన్ మీద పెట్టి, ఆ మాట చుట్టూ మౌస్ తిప్పుతూ ‘ఇది ఏ ఊరి ఇంగ్లీషు?’ అన్నాడు. కుర్రాడు ఆ పూట క్యాంటీన్ వైపే రాలేదు. వాడికి ఏం చెప్పమంటారు? మాట ముందు చేరి దాన్ని కాదనే ఈ అన్, ఇన్, డిస్‌లకు పద్ధతి ఉందా, బట్టీయేనా?

మారతహళ్ళి_టీచరమ్మ:
పద్ధతి ఉందండీ. ‘ఇన్’ ల్యాటిన్ నుంచి వచ్చింది. ప, బ, మ ముందు అది ‘ఇమ్’ అవుతుంది: ఇంపాసిబుల్, ఇంబ్యాలెన్స్, ఇమ్మెచ్యూర్. ల ముందు ‘ఇల్’: ఇల్లీగల్. ర ముందు ‘ఇర్’: ఇర్రెగ్యులర్. ఉత్ + లాసం ‘ఉల్లాసం’ అయినట్టే, పక్క అక్షరాన్ని బట్టి నోరు సర్దుకుంటుంది. ‘అన్’ పాత ఇంగ్లీషుది, దానికి ఈ మార్పు లేదు. మా క్లాసులో పిల్లలకు ఇంతవరకు చెప్తే సగం తప్పులు పోతాయి.

నెల్లూరు_పిల్ల:
మరి అన్‌లక్కీ, అన్‌రిలయబుల్, అన్‌పెయిడ్?

మారతహళ్ళి_టీచరమ్మ:
అందుకే ‘అన్’కి మార్పు లేదన్నాను తల్లీ. ‘అన్’ దాదాపు ఎక్కడైనా అతుక్కుంటుంది. ‘ఇన్’ ల్యాటిన్ వంశం మాటలకే.

సీమబిడ్డ_వైట్‌ఫీల్డ్:
టీచరమ్మా, ల్యాటిన్ వంశమే అంటిరి కదా. ‘స్టేబుల్’ ల్యాటిన్‌దే. మరి అన్‌స్టేబుల్ ఏంది, ఇన్‌స్టెబిలిటీ ఏంది? అన్‌ఈక్వల్, కానీ ఇనీక్వాలిటీ. అన్‌జస్ట్, కానీ ఇన్‌జస్టిస్. అనేబుల్, కానీ ఇనెబిలిటీ. తల్లికి ఒకటి, బిడ్డకు ఒకటి. దీన్ని పద్ధతంటారా? 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు జెఫర్సన్ రాసిన చిత్తుప్రతిలో హక్కుల గురించి ‘ఇనేలియనబుల్’ (ఎవరూ లాక్కోలేనివి) అని ఉంది, ఆమోదించిన ప్రకటనలో ‘అన్‌ఏలియనబుల్’ అయింది. అంత పెద్దోళ్ళకే రెండూ నడిచినాయి. మా పిల్లోనికి మటుకు ఒకటే నడవాల్నా?

పీణ్య_ల్యాబ్:
ఒక మాట చెప్తాను. నేను కెమికల్ స్టోర్ చూస్తాను. పెట్రోల్ ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్రక్షరాలతో ఉంటుంది చూశారా? కొత్తగా వచ్చే హెల్పర్లు కొందరు దాన్ని ‘అంటుకోనిది’ అనుకుంటారు.

మారతహళ్ళి_టీచరమ్మ:
అక్కడి ‘ఇన్’ కాదనే ‘ఇన్’ కాదు. నిప్పంటించడం అనే ల్యాటిన్ క్రియలోంచి వచ్చింది. ఈ గందరగోళం వల్లే 1920ల్లో అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్ళు ‘ఫ్లేమబుల్’ వాడమన్నారు. అంటుకోనిదానికి ‘నాన్‌ఫ్లేమబుల్’ అనాలి. తేడా తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది, అందుకే దిద్దాలంటున్నాను.

పీణ్య_ల్యాబ్:
మా దగ్గర మాట పక్కన మంట బొమ్మ కూడా ఉంటుంది. బొమ్మే కాపాడుతుంది, వ్యాకరణం కాదు.

మారతహళ్ళి_టీచరమ్మ:
బొమ్మ చిరిగిపోతే?

పీణ్య_ల్యాబ్:
లేబుల్ చిరిగిన డ్రమ్మును మేం లోపలికే రానివ్వం మేడం.

నెల్లూరు_పిల్ల:
ఇన్‌వాల్యుబుల్ కూడా అంతేగా? విలువ లేనిదనుకుంటారు. మన ‘అమూల్యం’ గుర్తు పెట్టుకుంటే చాలు, వెల కట్టలేనిది.

సీమబిడ్డ_వైట్‌ఫీల్డ్:
ట్యాంకర్ల సంగతి కాదు ఇక్కడ. నా సంగతి చెప్తా. ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. రాసిన కోడ్ నడిచింది, టెస్టులన్నీ పాసైనాయి. పాత ఉద్యోగం ఎందుకు మానినావు అని అడిగితే, అక్కడి పనిలో ‘డిస్‌ఇంట్రెస్టెడ్’ అయినానని చెప్పినా. ఆయప్ప నవ్వి, పక్కనోళ్ళతో ‘జడ్జి అవుతాడంట’ అన్నాడు. డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే పక్షపాతం లేనోడు, ఆసక్తి లేనోడు అన్‌ఇంట్రెస్టెడ్, అదంతా తర్వాత చదువుకున్నా. 17వ శతాబ్దంలో ఇంగ్లీషోళ్ళే ఈ రెండు మాటల్నీ ఇప్పటికి తిరగేసి వాడినారని కూడా చదివినా. కోడ్ గురించి మళ్ళా ఒక్క ప్రశ్న అడగలే. మీ క్లాసులు నడిచేది ఈ భయం మీదనే కదా టీచరమ్మా?

మారతహళ్ళి_టీచరమ్మ:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మా నాన్న బస్సు కండక్టరు. నేనూ తెలుగు మీడియమే. నా మొదటి ఉద్యోగంలో నా మెయిళ్ళు పక్కసీటు అమ్మాయి రాసేది, ‘నీకెందుకులే, నేను పంపిస్తా’ అని. ప్రేమగానే. అప్రైజల్‌లో ఆ పని ఆ అమ్మాయి ఖాతాలో పడింది. దిద్దనివాళ్ళే నన్ను ముంచారు. నవ్వినవాళ్ళ మీద మీకెంత కోపమో, పోనీలే అని వదిలేసినవాళ్ళ మీద నాకంత కోపం. 17వ శతాబ్దం చరిత్ర రేపు క్లయింటు ముందు ఆ పిల్లాడిని కాపాడుతుందా?

సీమబిడ్డ_వైట్‌ఫీల్డ్:
దిద్దొద్దని ఎవరన్నారు? స్క్రీన్ మీద పెట్టొద్దంటున్నా. పక్కకు పిలిచి చెప్తే అరనిమిషం పని.

బెళ్ళందూరు_బాబాయ్:
ఒకటి చెప్పలేదు నేను. ఆ మేనేజర్ తెలుగాయనే. విజయవాడలో కాన్వెంటు చదువు. టీమ్‌లో కన్నడవాళ్ళు, ఉత్తరాది వాళ్ళు ఇలాంటివి ఎన్నో రాస్తారు. ‘అన్‌లీగల్’ అని రాసిన మెయిల్ క్లయింటు దాకా వెళ్ళింది కూడా. అవేవీ స్క్రీన్ మీదికి ఎక్కలేదు.

సీమబిడ్డ_వైట్‌ఫీల్డ్:
అదీ సంగతి. మనోడని తెలిసే చేసినాడు. తను ఆ పల్లెల జట్టు కాదని నలుగురికీ చూపించుకోవాల. దీనికి వ్యాకరణం మందు కాదు బాబాయ్. నువ్వు పోయి ఆయన్ని అడుగు.

మారతహళ్ళి_టీచరమ్మ:
అదైతే మొదటే చెప్పాల్సింది బాబాయ్ గారూ. ఆయన చేసింది దిద్దడం కాదు, నేనూ ఒప్పుకోను. అయినా ఆయన్ని అడిగినంత మాత్రాన కుర్రాడికి ఇంగ్లీషు వచ్చేయదు. ఆదివారం పంపించండి, ఫీజు వద్దు.

సీమబిడ్డ_వైట్‌ఫీల్డ్:
ముందు అడగడం. తర్వాతే ఆదివారం.

బెళ్ళందూరు_బాబాయ్:
మేనేజర్‌తో సోమవారం వన్ ఆన్ వన్ ఉంది, అడుగుతాను. ఆదివారం సంగతి కుర్రాడి ఇష్టం, వాడినే అడిగి చెప్తా.

నెల్లూరు_పిల్ల:
అక్కా, డిస్‌శాటిస్‌ఫైడ్, అన్‌శాటిస్‌ఫైడ్ ఒకటేనా?

మారతహళ్ళి_టీచరమ్మ:
కాదమ్మా. సర్వీసు నచ్చని కస్టమరు డిస్‌శాటిస్‌ఫైడ్. తీరకుండా మిగిలిపోయిన డిమాండు అన్‌శాటిస్‌ఫైడ్.